మేక పుర్రె, మా బాబాయి మీసం

ఒక మేక తలకాయ వల్ల మా బాబాయి మీసానికి పట్టిన గతి చెప్పబోతున్నాను. టిఫిన్ చేస్తున్నవాళ్లు అది కానిచ్చుకుని రండి, నేను ఆగుతాను. అసలు ఆగడమే నాకు చేతకాదు, ఈ కథంతా అందుకే జరిగింది.

నేను తెనాలిలో ఓ కాలేజీలో జువాలజీ చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్త. మా ల్యాబులో ఉన్న ఒక్క పుర్రెకీ కింది దవడ లేదు. చక్కటి మేక పుర్రె ఒకటి నేనే తయారుచేసి బల్లమీద పెట్టాలని బుద్ధి పుట్టింది. ఫోన్లో వీడియోలన్నీ సగం సగం చూసి, వేసవి సెలవులకి రేపల్లెలో బాబాయి ఇంట్లో దిగాను.

బాబాయి రిటైరైన పోస్టుమాస్టరు. చర్చిలో పాటల బృందానికి పెద్ద. ఆయన మీసం తేలు కొండిలా పైకి లేచి ఉంటుంది. శనివారం శనివారం దానికి నల్లరంగు పడాల్సిందే. పైగా నేను దిగిన వారం ఆదివారమే చర్చి వార్షికోత్సవం, ఆయన ఒక్కడే నిలబడి పాడాలి.

మేక తలకాయ తెచ్చిచ్చింది కూడా ఆయనే, పాపం, కూర ఆశతో.

"ఉడకబెట్టి కూర వండవా? మరెందుకమ్మా?"

"పుర్రె చూట్టానికి బాబాయ్."

"తినేదాన్ని చూస్తా కూర్చోటం, ఇదేం చదువే," అంది పిన్ని.

సన్న సెగ మీద నెమ్మదిగా ఉడికించాలి. నేను కట్టెలు ఎగదోశాను. ముక్కు ఎముకలు ఊడొస్తే గమ్‌తో అంటించాను. తర్వాత కొవ్వు పోవడానికి సబ్బునీళ్లలో వారాల తరబడి నానాలి. నా చేతిలో ఆ వారాలు ఒక్క రాత్రికి కుదించుకుపోయాయి. ఇక తెల్లబరచడం. బ్యూటీపార్లర్లలో జుట్టు రంగు తీసేయడానికి వాడే క్రీమొకటుంది. అది పుర్రెకి పూసి, పాలిథిన్ కవరు చుట్టి, ముట్టుకోకుండా వదిలెయ్యాలి. ముట్టుకోకుండా ఉండటం నా జాతకంలో లేదు. విప్పడం, చూడటం, చుట్టడం, మళ్లీ విప్పడం.

చూసి చూసి పిన్నికి విసుగొచ్చింది. "నువ్విట్టా తిరుగుతుంటే నాకు కళ్లు తిరుగుతున్నయ్. బాపట్ల పోయి మీ అక్కని చూసి రా."

మిగిలిన క్రీమున్న గిన్నె, బ్రష్షు పెరట్లో బాబాయి గడ్డం గీసుకునే అద్దం కింద గూట్లో పెట్టి బస్సెక్కాను. ఆ రోజు శనివారం. శనివారమంటే మీసానికి రంగు రోజని మీకు గుర్తుంది. నాకు లేదు.

అక్క కాఫీ ఇచ్చిందో లేదో ఫోన్ మోగింది. పిన్ని.

"ఏమే, గూట్లో గిన్నెలో తెల్లగా ఉన్నదేంటి?"

"పుర్రెకి పూసే మందు. ఏం పిన్నీ?"

పిన్ని గొంతు తగ్గించింది.

"మీ బాబాయి మీసానికి పూసుకుని కూర్చున్నాడు. నువ్వు తెనాల్నుంచి కొత్తరకం రంగు తెచ్చావంట. పూసేటప్పుడు తెల్లగా ఉండి, ఆరేకొద్దీ నల్లబడుద్దంట."

"పూసి ఎంతసేపైంది?"

"భోంచేసిన కాడ్నించి. నల్లబట్టం లేదని ఇంకోసారి కూడా పూశాడు."

"ఫోన్ ఆయనకియ్యి. బాబాయ్, మండటం లేదా?"

"చురచురమంటందమ్మా. పనిచేస్తందన్నమాట."

"కడిగేసుకో బాబాయ్, వెంటనే."

"నీకు అన్నీ తొందరే. ఓపిక పడితేనే రంగు పట్టుద్ది. నేను కదలను."

నా ఓర్పులేమితో మేక పాడైతే, ఓర్పు ఉండి ఆయన పాడయ్యాడు. నిదానమే ప్రధానం అన్నవాళ్లకి మీసం లేదేమో. ఆయన కుర్చీలోంచి లేవడానికి పిన్ని చెంబుతో నీళ్లు కుమ్మరించాల్సి వచ్చిందట.

తిరుగు బస్సులో నేను సీట్లో కూర్చోలేక తలుపు దగ్గర నిలబడ్డాను. "మీరు కూర్చున్నా బస్సు ఇంతే వేగంగా పోద్దండి," అన్నాడు కండక్టరు.

ఇల్లు చేరేసరికి బాబాయి అరుగుమీద ఉన్నాడు. మీసం తాటిపండు పీచు రంగులో మెరుస్తోంది. కింద పెదవి మామూలుగానే ఉంది, పై పెదవి మాత్రం ఎర్రగా పొంగింది. మళ్లీ నల్లరంగు వేద్దామంటే మంటకి ఏదీ తగలనివ్వడు. గీసేద్దామన్న పిన్నిని, తల తీసేద్దామన్నట్టు చూశాడు. నన్ను మాత్రం పక్కన చోటిచ్చి కూర్చోమన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అంటారు. మా ఇంట్లో తలకాయ కూరా లేదు, మీసానికి పుర్రె మందు.

మర్నాడు ఆ మీసంతోనే వెళ్లి నిలబడ్డాడు. మొదటి చరణానికి పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన కళ్లు మూసుకుని, ఎప్పుడూ పాడనంత బాగా పాడాడు. నేను వెనక వరసలో కూర్చుని లేస్తూ, లేచి కూర్చుంటూ ఉన్నాను.

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు వచ్చి బాబాయి చెయ్యి పట్టుకున్నారు.

"మీకు మారుమనస్సు రావాలని ఎప్పట్నించో ప్రార్థన చేస్తున్నానండి. ముందు మీసానికొస్తదనుకోలేదు."

అందరికంటే ముందు నవ్వింది బాబాయే. ఆ వెంటనే పెదవి పట్టుకుని మూలిగాడు.

సాయంత్రం పాలిథిన్ విప్పాను. మాటిమాటికీ విప్పడంతో క్రీమెప్పుడో ఎండిపోయింది. పుర్రె పసుపుపచ్చగా మిగిలింది. పిన్ని దాన్ని బాబాయి మొహం పక్కన పెట్టి, అటూ ఇటూ చూసింది.

"రెంటికీ ఒకటే రంగొచ్చింది. ఏది కాలేజీకి తీసుకుపోతావే?"

కాబట్టి పాఠకుల సాక్షిగా, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పుర్రెకి పూసేదేదీ మనిషి మూతికి అందే ఎత్తులో పెట్టను.