దినాల అన్నంతో పెట్టిన వడియాలు

నా భార్య దినాలు అయిన మర్నాడు పొద్దున, మా అమ్మాయి డాబా మీద పాత చీర పరిచి వడియాలు పెట్టింది. అప్పటికి తను ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి ఉంది. ఆ వడియాల సంగతి చెప్పాలంటే అంతకుముందు మా ఇల్లు ఎలా నడిచేదో కొంత చెప్పాలి.

మాది చేనేత కుటుంబం. నల్లగొండ వైపు మా ఊళ్లో నాయిన దగ్గరే మగ్గం నేర్చుకున్నాను. తెలంగాణ వచ్చాక కూడా కొన్నాళ్లు నేశాను. తర్వాత చీరలు తీసుకునే షావుకారు నూలు ఇవ్వడం తగ్గించాడు, ఆ తర్వాత మానేశాడు. మహబూబ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణంలో పని ఉందని తెలిసినవాళ్లు చెబితే, మగ్గం విప్పి అటకెక్కించి వచ్చేశాం. ఒకప్పుడు చీర నేసిన చేతులతో ఇప్పుడు మడత విప్పి చూపిస్తాను, కొనకపోతే మళ్లీ మడత పెడతాను.

కిరాయికి దిగిన ఇల్లు ఒక ముస్లిం కుటుంబానిది. పైన రెండు గదుల్లో మేము, కింద ఇంటామె. ఆమె భర్త చాలా ఏళ్ల కిందటే పోయాడు. వరండాలో మిషన్ వేసుకుని జాకెట్లు కుట్టేది, వెనక రెండు మేకల్ని సాకేది. మేమందరం ఆమెను ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అని పిలిచేవాళ్లం.

నా భార్య ఇల్లు నడిపే తీరు రోజూ నా కళ్ల ముందే ఉండేది. అయినా నేను చూడలేదనే చెప్పాలి. పప్పు పొద్దున్నే నానేసేది. అన్నం ఇంకా కుతకుతలాడుతుండగానే స్టవ్ ఆపేసి, గిన్నె మీద మూత బిగించి, చుట్టూ పాత దుప్పటి ముక్క చుట్టి పక్కన పెట్టేది. మిగతా ఉడుకు దానంతటదే అయ్యేది. నూనె ప్యాకెట్ ఖాళీ అయ్యాక అడ్డంగా కత్తిరించి, లోపలి జిడ్డుతోనే చపాతీ పిండి కలిపేది. స్నానం సబ్బు తెచ్చిన రోజే దారంతో రెండు ముక్కలు కోసి కిటికీలో ఎండబెట్టేది. ఎండిన సబ్బు తొందరగా అరగదట. అది నాకు ఆమె పోయాక మా అమ్మాయి చెబితే తెలిసింది. కిటికీలో సబ్బెందుకు ఉందని అన్నేళ్లలో ఒక్కసారీ అనుకోలేదు నేను.

కూరగాయల తొక్కులు, బియ్యం కడిగిన మొదటి నీళ్లు కింద మేకలకు పోయేవి. అందుకు బదులుగా ఆపా కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డ ముక్కలు ఇచ్చేది. వాటితో మా ఇంట్లో దిండు గలీబులు, కూరగాయల సంచులు తయారయ్యేవి. మా గలీబులు ఒక్కొక్కటీ పది రంగులతో ఉండేవి. వీటిని నా భార్య పొదుపు అని ఎన్నడూ అనలేదు. అట్లా చేసేది, అంతే.

ఎండాకాలం మొదట్లో, నల్లా వచ్చిన ఒక పొద్దున, నిండిన బిందె ఎత్తబోయి అక్కడే కూలబడింది. మూతి ఒక పక్కకు లాగింది. ఆపా వెళ్లి ఆటో పిలుచుకొచ్చింది. దవాఖానలో తలలో రక్తనాళం చిట్లిందన్నారు. బీపీ ఉందని మాకు అంతకుముందే తెలుసు, గోలీలు వాడుతూనే ఉంది. రెండు రోజులుండి పోయింది.

కిరాయి ఇళ్లలోకి శవాన్ని రానివ్వరు. తెలిసినవాళ్లలో కొందరు ఇంటి ముందు రోడ్డు మీద టెంటు వేసుకుని ఏడ్చినవాళ్లు ఉన్నారు. అందుకే నేరుగా మా ఊరికే పోదామని బండి డ్రైవర్‌తో మాట్లాడుతున్నాను. అంతలో మా అమ్మాయి ఫోన్ నా చేతికిచ్చింది. అవతల ఆపా.

“చెల్లె గీ ఇంట్ల ఇన్నేండ్లు ఉన్నది. ఇంకెక్కడికి తీస్కపోతరు? ఇంటికే తీస్కరాండ్రి.”

మేము పోయేసరికి వరండాలో మిషన్ లేదు. ఆపా దాన్ని ఎవరితోనో లోపలికి పెట్టించి, నేల కడిగి ఉంచింది. నా భార్యను అక్కడే పడుకోబెట్టాం.

నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు నన్ను పట్టుకుని ఏడ్చి, నా ముఖం చూసి, కొంచెం సర్దుకుని పక్కకు కూర్చునేవాళ్లు. వాకిట్లో నల్లా సరిగ్గా కట్టేయనట్టుంది, చుక్క చుక్క పడుతోంది. నేను లేచి వెళ్లి దాన్ని బిగించి వచ్చి మళ్లీ కూర్చున్నాను. మా అక్క నా వైపు అదోలా చూసింది.

అక్కది హుజూర్‌నగర్. దినాలయ్యే దాకా ఇక్కడే ఉండి అంతా తనే చూసుకుంది. దినాల నాడు పొద్దున్నే ఊరి బయట పిట్టకు పెట్టాం. విస్తరిలో ముద్దలు పెట్టి అందరం దూరం జరిగి నిలబడ్డాం. తుమ్మ చెట్టు మీద రెండు కాకులున్నాయి గానీ దిగడం లేదు. ఎండ ఎక్కుతోంది. ఆమె మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని, దాన్ని తీరుస్తానని గట్టిగా చెప్పమని అక్క నాతో అంది. బిడ్డను మంచిగా చదివిస్తానని చెప్పమని అక్కే అందించింది. నేను ఆ మాటలే గాలిలోకి చెప్పాను. దుకాణంలో చీర రకం పేరు చెప్పినట్టే వచ్చింది నా గొంతు. చాలాసేపటికి ఒక కాకి దిగి ముట్టింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

మధ్యాహ్నం భోజనాలు డాబా మీద పెట్టాం. ఆ రోజు పెళ్లి ముహూర్తాలు కూడా ఉండటంతో అనుకున్నంత మంది రాలేదు. పెద్ద గంజులో సగానికి పైగా అన్నం మిగిలింది. ఇరుగుపొరుగుకు పంచగా ఇంకా ఉంది. మేకలకు పెట్టమంటే, ఉడికిన అన్నం ఎక్కువ తింటే కడుపు ఉబ్బి చస్తాయని ఆపా కొంచెమే తీసుకుంది. మిగిలింది పొద్దు గూకేలోపు బయట పారబోయమని మా అమ్మాయికి చెప్పి అక్క పడుకుంది. పిల్ల సరేనంది. అందులో నీళ్లు పోసి మూత పెట్టింది.

తెల్లవారి నేను డాబా మీదికి పోయేసరికి, ఆ అన్నం నీళ్లు వడకట్టి, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు దంచి కలిపి మెత్తగా పిసుకుతోంది. పక్కన వాళ్లమ్మ చీర ఒకటి తడిపి పరిచి ఉంది. అంచులు చిరిగినందువల్ల ఎవరికీ ఇవ్వకుండా ఉంచిన చీర. తలస్నానం చేసి, జుట్టు ముడేసుకుని, ముద్ద వెనక ముద్ద వరసగా పెట్టుకుంటూ పోతోంది. వాళ్లమ్మ ఏటా ఎండాకాలం ఇదే పని చేసేది. ఆమె చేతి వేగం దీనికి లేదు, అంతే తేడా.

అక్క నా వెనకే మెట్లెక్కి వచ్చింది. ఒక క్షణం ఏమిటో అర్థం కాలేదు ఆమెకు. అర్థమయ్యాక గొంతు తగ్గించి అంది.

“గిది దినాల అన్నం బిడ్డా. ఇంట్ల ఉంచొద్దు. నువ్వేమో వడియాలు పెడ్తున్నవు. ఎవరు తింటరు గివి?”

“మేం తింటం అత్తమ్మా. అన్నమే కదా,” అంది మా అమ్మాయి తల ఎత్తకుండా.

“తమ్మీ, నువ్వన్న చెప్పు జర.”

నాకు అక్కను కాదనాలనీ అనిపించలేదు, బిడ్డను వెనకేసుకు రావాలనీ అనిపించలేదు. వాళ్లిద్దరూ ఎక్కడో దూరంగా మాట్లాడుకుంటున్నట్టు ఉంది. అక్క కిందికి వెళ్లిపోయింది. ఆపా దగ్గర కూర్చుని తన బాధంతా చెప్పుకుందని తర్వాత తెలిసింది. ఆపా అంతా విని చాయ్ పోసిచ్చిందట.

పిండి అయిపోయాక, కాకులు వస్తాయి జర కూర్చోమని నాతో చెప్పి, మా అమ్మాయి గంజు తోమడానికి కిందికి పోయింది. నేను నీళ్ల ట్యాంకు నీడలో కర్ర పట్టుకుని కూర్చున్నాను. కొంతసేపటికి ఒక కాకి వచ్చి పిట్టగోడ మీద వాలింది. నిన్న ఇదే వేళకు కాకి కోసం అందరం చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఇది వాటిలో ఒకటో కాదో నాకు తెలియదు. అది గోడ దిగి, చీర అంచు దాకా గెంతి, చివరి వరసలో ఒక వడియాన్ని ముక్కుతో తీసుకుంది. తీసుకోనిచ్చాను. రెండో దానికి వచ్చినప్పుడు కర్ర ఊపాను. ఎగిరిపోయింది.

ఎండ బాగా ముదిరాక ఆపా మెట్లెక్కి వచ్చింది. చేతిలో పాత దోమతెర ఉంది. దాన్ని వడియాల మీద కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టింది. “ఎండకు గట్ల కూసోకు భాయ్, కిందికి రా,” అని వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం బస్సుకే అక్క హుజూర్‌నగర్ పోయింది.

ఆ తర్వాత నేను దుకాణానికి పోవడం మొదలుపెట్టాను. ఇల్లు మా అమ్మాయి చేతికి వచ్చింది. నేను వట్టి చేతులతో సంతకు పోతే ప్లాస్టిక్ కవర్లతో తిరిగి వచ్చేవాణ్ని. తను ఆ కవర్లు కడిగి ఆరేసేది. నేను స్టవ్ ఆపడం మర్చిపోతే వచ్చి ఆపేది. ఒకసారి చింతపండు పిసికిన పిప్పి పారేయబోతే, చెంబు తోమడానికి కావాలని నా చేతిలోంచి తీసుకుంది. కొన్నాళ్లకు నాకూ ఆ పనులు అలవాటయ్యాయి. నా ఆలోచనతో పని లేకుండా చేతులు వాటంతటవే చేసేవి. అవి లేకపోతే ఆ రోజులు ఎట్లా గడిచేవో చెప్పలేను.

వానలు పడ్డాక ఒకరోజు వడియాలు వేయించింది. ఇద్దరికీ చెరి నాలుగు. ఉప్పు కొంచెం ఎక్కువైంది. ఎట్లున్నాయని అడిగితే మంచిగున్నాయని చెప్పాను. నిజానికి ఆ రోజుల్లో నాకు ఏదీ రుచి తెలిసేది కాదు.

ఆ వానల్లోనే పిల్లకు జ్వరమొచ్చింది. గోలీల కోసం వంటింటి అలమరలో డబ్బా తీశాను. అడుగున నా భార్య బీపీ గోలీల షీటు ఉంది. డాక్టరు రోజుకు ఒకటి వేసుకోమని రాశాడు. ఆ షీటులో చివర విప్పిన గూట్లో సగం గోలి ఉంది, పైన రేకు జాగ్రత్తగా మడిచి ఉంది. డబ్బాలో ఇంకో కాగితప్పొట్లం కనిపిస్తే విప్పాను. అందులోనూ సగాలే. అంత సమంగా విరిచిన గోలీలను నేను ఎక్కడా చూడలేదు.

పొట్లం మళ్లీ మడిచి డబ్బాలో పెట్టాను. తర్వాత జ్వరం గోలి తీసుకుని, గ్లాసులో నీళ్లు పోసుకుని పిల్ల దగ్గరికి పోయాను. తను గోలిని అరచేతిలో పెట్టుకుని, బొటనవేలి గోరుతో నడిమికి నొక్కి విరిచింది. సగం నోట్లో వేసుకుంది. మిగతా సగం దిండు పక్కన పెట్టుకుంది.

“మందుగోలి సగం చెయ్యకు బిడ్డా,” అన్నాను. “మిగతాదంతా నీ ఇష్టం.”

“అమ్మ గట్లనే వేసుకునేది.”

“ఇప్పుడే చూసిన.”

తను నా వైపు చూసింది. “నాకు ఎరుకనే బాపు. వద్దన్న. బాపుకు చెప్తనన్న. చెప్తే నామీద ఒట్టు అన్నది.”

అని, గోడ వైపు తిరిగి ఏడ్చింది. శవం ఇంటికొచ్చిన నాడు కూడా అంత ఏడవలేదు. దుప్పటి నోట్లో కుక్కుకుని, ఒళ్లంతా ఎగిరిపడేలా ఏడ్చింది. కింద మిషన్ చప్పుడు ఆగింది. ఆపా వింటోందని తెలిసింది, కానీ ఆమె పైకి రాలేదు. నేను మంచం మీద కూర్చుని పిల్ల వీపు మీద చెయ్యి వేశాను. జ్వరం వేడి నా చేతికి తెలుస్తోంది. అదొక్కటే తెలుస్తోంది. చాలాసేపటికి తను నెమ్మదించాక, లేపి కూర్చోబెట్టి మిగిలిన సగం కూడా వేయించాను.

ఆ సగం గోలీల వల్లే పోయిందా అని నేను ఏ డాక్టరునూ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతారు. విని ఇంటికి రావాలి.

వడియాలు చలికాలం చివరికి అయిపోయాయి. డబ్బా అడుగున మిగిలిన నలుసులు మజ్జిగన్నంలో కలుపుకున్నాం. సంవత్సరీకానికి అక్క వచ్చినప్పుడు, వంటింట్లోకి పోయి, అవి ఇంకా ఉన్నాయా అని మా అమ్మాయిని మెల్లగా అడిగింది. అయిపోయాయని చెబితే తల ఊపింది. ఇద్దరూ కలిసి ఆ రోజు వంట చేశారు. అన్నం ఎక్కువ కాకుండా అక్కే బియ్యం కొలిచి పోసింది.

మా అమ్మాయి డిగ్రీ మహబూబ్‌నగర్‌లోనే చదివింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తోంది, ఇంకో ముగ్గురు ఆడపిల్లలతో గదిలో ఉంటుంది. నెలకు ఒకట్రెండు ఆదివారాలు రైలుకు వస్తుంది. నేను అదే ఇంట్లో ఉన్నాను. ఆపాకు చూపు తగ్గి జాకెట్లు కుట్టడం మానేసింది, దిండు గలీబులు మాత్రం కుడుతుంది. మేక ఒకటే ఉంది. ఏడుపు ఎప్పుడొస్తుందోనని మొదట్లో కొన్నాళ్లు చూశాను. రాలేదు. తర్వాత చూడటం మానేశాను.

మొన్న ఆదివారం వచ్చినప్పుడు, గదిలో ఉన్న పిల్లలు అన్నం పారేస్తుంటారని, మొదట్లో వాళ్లతో గొడవపడేదాన్నని చెప్పింది. ఇప్పుడు శనివారాలు తను కూడా వాళ్లతో కలిసి ఫోన్‌లో బిర్యానీ తెప్పించుకుంటుందట. నేనేమంటానో అన్నట్టు చూసింది.

“తినుండ్రి,” అన్నాను.

మధ్యాహ్నం ఫ్యాను పెద్దగా పెట్టుకుని పడుకుంది. రైలు వేళకు లేపాను. స్టేషన్ దాకా ఇద్దరం నడుచుకుంటూ పోయాం.