ఎనిమిదో బకెట్టు

ఆ రోజుల్లో మనిషికి బుద్ధి తాళంచెవితో పాటు వస్తుందని నా గట్టి నమ్మకం. తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాడు తెలివైనవాడు, లేనివాడు వెధవ. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇలాంటి నమ్మకం ఉంటే నవ్వి ఊరుకోవచ్చు. మా హాస్టలు నడిపే పెద్దలకు కూడా అదే ఉండేది, అక్కడే వచ్చింది చిక్కంతా.

అరవైల మొదట్లో సంగతి. తెనాలి నుంచి బి.ఎస్సీ చదవడానికి హైదరాబాదు వచ్చి, నాంపల్లి స్టేషను దగ్గరి సందులో ఒక హాస్టల్లో చేరాను. హాస్టలంటే ఎవరో నవాబుగారి పాత దేవిడీ, పెద్ద బంగళా. కింది అంతస్తు రాయి, పై అంతస్తు మొత్తం చెక్క. నేల చెక్క, కిటికీలు చెక్క, గదులు ఎక్కువ కావాలని అడ్డంగా కొట్టించిన గోడలు కూడా చెక్కే. పైన నలభై మందిమి ఉండేవాళ్లం. దిగడానికి ఒకటే మెట్ల దారి, అదీ చెక్కదే. వెనక ఇంకో దారి ఉండేది గాని, కుర్రాళ్లు అటునుంచి ఆబిడ్స్‌లో రెండో ఆట సినిమాకు జారుకుంటున్నారని ఆ తలుపుకు మేకులు కొట్టించారు. మేం సినిమాలకు పోకుండా ఉండడం ముఖ్యం, బతికుండడం ఆ తరవాతి సంగతి.

వార్డెనుగారికి మేం పెట్టుకున్న పేరు సర్క్యులర్ సారు. ఏ కష్టం చెప్పుకున్నా ఆయన దాన్ని తీర్చేవాడు కాదు, దాని మీద ఒక సర్క్యులర్ రాసి నోటీసు బోర్డుకు అంటించేవాడు. (నల్లుల బాధ చెప్పుకుంటే నల్లుల మీద కూడా ఒకటి వచ్చింది. నల్లులు దాన్ని చదివినట్టు లేవు.) ఒకసారి పైనుంచి ఆయనకే ఒక కాగితం వచ్చింది, హాస్టల్లో అగ్నిప్రమాదం జరిగితే ఏం ఏర్పాట్లున్నాయో చెప్పమని. ఆయన మమ్మల్నందరినీ పిలిచి, "ఇది రాతి బిల్డింగు. గీడ అంటుకునేదేముంది? అయినా అడిగిన్రు, ఏదో ఒకటి చెయ్యాలె" అన్నాడు. ఆ చేసిందేమిటంటే ఎనిమిది బకెట్లు కొనిపించి, ఎర్ర రంగు కొట్టించి, నాలుగింట్లో ఇసుక, నాలుగింట్లో నీళ్లు నింపించి, మెట్ల కింద వరసగా పెట్టించడం. చెక్క మెట్లు అంటుకుంటే మొదట అందకుండా పోయేవి ఆ బకెట్లే. ఆ ముక్క ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు. నా ఇంగ్లీషు దస్తూరీ గుండ్రంగా ఉంటుందని నన్ను ఫైర్ సెక్రటరీని చేశారు. అగ్నికీ దస్తూరీకీ ఏం సంబంధమో నేను అడగలేదు. పదవి ఇచ్చేటప్పుడు అడిగేవాడు ఎవడు?

వారం తిరగకుండా బకెట్లు మాయం కావడం మొదలైంది. మా హాస్టల్లో నల్లా పొద్దున గంటన్నర వచ్చేది. ఆ గంటన్నరలో అందరి స్నానాలూ కావాలి. బకెట్టు దొరికినవాడు రాజు. అలాంటి చోట మెట్ల కింద కొత్త బకెట్లు పెట్టి, ముట్టుకోవద్దంటే ఎవడు వింటాడు? నేను గదులన్నీ తిరిగి పోయినవాటిని వెనక్కి తెచ్చి, వెంటనే సుల్తాన్ బజార్ వెళ్లి ఒక ఇనప గొలుసూ తాళమూ తెచ్చాను. గొలుసును ఎనిమిది బకెట్ల పిడుల గుండా దూర్చి, మెట్ల స్తంభానికి బిగించి, తాళం వేశాను. తాళంచెవి నా ప్యాంటు జేబులో. సర్క్యులర్ సారు చూసి మురిసిపోయి, "శబాష్, గిట్లుండాలె పని" అన్నాడు. ఆర్పాల్సిన నీళ్లకు తాళం వేసిన మొదటివాణ్ణి, నాకు తెలిసి, నేనే. అప్పట్లో దాన్ని నేను పరిపాలన అనుకున్నాను. రోజూ సాయంత్రం లెక్కపెట్టి రిజిస్టర్లో 'ఎనిమిది, సక్రమం' అని రాసి కింద సంతకం గీసేవాణ్ణి. కుర్రాళ్లు నన్ను ఫైర్ సాబ్ అని పిలవసాగారు. వెక్కిరింపని తెలియక మర్యాద అనుకుని తలూపేవాణ్ణి.

అంతటితో ఆగానా? గదుల్లో కిరసనాయిలు స్టవ్‌లు ఉండకూడదని నేనే సోదాలు మొదలెట్టాను. మూడు దొరికాయి. రెండు ఆఫీసులో అప్పగించి, మంచిదాన్ని సాక్ష్యం కోసమని నా గదిలో ఉంచుకున్నాను. సోదా చేసేవాడి గదిని సోదా చేసేవాడు లేడు కదా. ఆదివారాలు తలుపు వేసుకుని, అమ్మ పంపిన అప్పడాలు ఆ సాక్ష్యం మీద కాల్చుకునేవాణ్ణి. మెస్సులో పెట్టే పుల్లటి పప్పు గొంతు దిగాలంటే వేరే దారి లేదని నాకు నేనే ఒక సర్క్యులర్ ఇచ్చుకున్నాను.

ఇక గంగాళం. అసలు పేరు వేరే ఉంది గాని స్నానానికి గంగాళాల కొద్దీ నీళ్లు వాడతాడని అందరూ అలా పిలిచేవాళ్లు. పాలమూరు వైపు పిల్లాడు, నాకంటే ఒక ఏడాది చిన్న. ఎవరైనా దెప్పితే, "మా ఊర్ల బిందెడు నీళ్లకు రెండు మైళ్లు నడవాలె. గీడ నల్లా తిప్పితే వస్తున్నయి. జర పోసుకోనీయున్రి" అనేవాడు. అతని సొంత బకెట్టుకు అడుగున చిల్లు.

ఒక శనివారం సాయంత్రం లెక్క చూస్తుంటే చివరి బకెట్టులో చుక్క నీళ్లు లేవు. పైకెత్తి చూశాను. అడుగున చిల్లు, నా వేళ్లకు పచ్చి ఎర్ర రంగు. గంగాళం పిడిని బకెట్టు చెవుల్లోంచి ఊడదీసి, మంచి బకెట్టు పట్టుకుపోయి, తన చిల్లు బకెట్టుకు రంగు పూసి ఆ పిడికే తగిలించాడు. నా గొలుసూ తాళమూ అలాగే ఉన్నాయి, సక్రమంగా. పైకి వెళ్లి గంగాళాన్ని నిలదీస్తే వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు, గోళ్ల నిండా రంగే. నేను అతని ఎదుటే కూర్చుని వార్డెనుకు ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ ఫిర్యాదు రాశాను, అగ్నిమాపక సామగ్రి దొంగతనమనీ, హాస్టలు నుంచి పంపించెయ్యాలనీ. రెండు మూడు మాటలకు డిక్షనరీ కూడా చూశాను.

"అన్నా, జర ఈసారికి ఇడిసిపెట్టు. సీటు పోతే నా చదువు గీడికే ఖతం. కిరాయికి రూము తీసుకునే తాకత్ మా ఇంట్ల లేదు" అన్నాడు.

"రూలు రూలే. సోమవారం పొద్దున సారుకు ఇస్తాను" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా ముఖం ఎలా ఉండి ఉంటుందో తలుచుకుంటే ఇప్పటికీ ఒక్కటి పీకాలనిపిస్తుంది.

మర్నాడు ఆదివారం. సగం మంది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలకు పోయారు, మిగిలినవాళ్లు మార్నింగ్ షోకు. నేను లుంగీ కట్టుకుని స్టవ్ వెలిగించాను. మూడో అప్పడం తిప్పుతుండగా ఒత్తి ఎగిసి, మంట పక్కనున్న బల్ల మీదికి పోయింది. మొట్టమొదట అంటుకున్నది ఫైర్ రిజిస్టరు. తరవాత అందులో భద్రంగా పెట్టిన ఫిర్యాదు. తరవాత మేకుకు వేలాడుతున్న నా ప్యాంటు. నేను "నిప్పు, నిప్పు" అని అరుస్తూ మెట్లు దిగి బకెట్ల దగ్గరికి పరిగెత్తాను. అక్కడ నా తాళం నన్ను చూస్తోంది. నీళ్లు కింద, నిప్పు పైన, తాళంచెవి ఆ నిప్పులో. గంగాళం నిన్ననే కనిపెట్టిన ఉపాయం, పిడి ఊడదీస్తే చాలన్నది, నాకు గుర్తు రాలేదు. గొలుసు పట్టుకుని గుంజుతూ నిలబడ్డాను, స్తంభంతో తగువు పడుతున్నవాడిలా. పైన చెక్క గోడలు, చెక్క నేల. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

స్నానాల గది తలుపు తెరుచుకుంది. తల నిండా సబ్బు నురగ, నడుముకు తువ్వాలు, చేతిలో నిండు ఎర్ర బకెట్టు. గంగాళం. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. తడి తువ్వాలు విప్పి స్టవ్ మీద కప్పాడు, బకెట్టు నీళ్లు గోడకూ ప్యాంటుకూ ఎత్తి కొట్టాడు. అంతే, ఆరిపోయింది. ఒక చెక్క నల్లబడింది, గదంతా పొగా సబ్బు వాసనా. గంగాళం గోచీతో నిలబడి కళ్లల్లో సబ్బు తుడుచుకుంటూ నేల మీదున్న అప్పడాన్ని చూశాడు. కింద సర్క్యులర్ సారు గొంతు వినిపించింది. గంగాళం ఆ సగం కాలిన అప్పడాన్ని తీసి నోట్లో వేసుకున్నాడు. సాక్ష్యం కరకరా నమిలి మింగేశాడు.

సర్క్యులర్ సారు వచ్చి గదంతా చూసి, "ఏంది ఇది? ఈ స్టవ్ ఎవరిది?" అన్నాడు.

"జప్తు చేసింది సార్" అన్నాను. అది అబద్ధం కాదు. నిజం చెప్పినట్టూ కాదు.

"ఔ, లోపల కిరసనాయిలు ఉండిపోయింటది. ఎండకు అంటుకున్నది" అని ఆయనే తేల్చేశాడు. (ఆ గదికి ఎండ రాదు.) తరవాత ఎర్ర బకెట్టు చూశాడు. "బకెట్లన్నీ గొలుసుకు ఉండాలె కదా. గిది నీ చేతికెట్ల వచ్చింది?"

ఇప్పుడు నేను మాట్లాడాలి. స్టవ్ వెలిగించింది నేనే అని ఒక్క మాట చెప్పాలి. వంగి, కాలిన ప్యాంటు జేబులో తాళంచెవి వెతకసాగాను.

గంగాళం అన్నాడు, "ఫైర్ సెక్రటరీ అన్న ఇచ్చిండు సార్. అన్నీ తాళంల ఉంటే అవసరానికి ఎట్ల, ఒకటి బయట ఉంచాలె, నిండా నీళ్లు పెట్టుకొని నీ దగ్గర ఉంచుకో అన్నడు. గందుకే ఉన్నది."

సర్క్యులర్ సారు నా వైపు తిరిగాడు. "నిజమేనా?"

"అవును సార్" అన్నాను.

ఆయన నా భుజం తట్టాడు. మూడో రోజుకల్లా నోటీసు బోర్డు మీద సర్క్యులర్, ఫైర్ సెక్రటరీ దూరదృష్టిని మెచ్చుకుంటూ. నాకు విడిగా టైపు కొట్టించిన ప్రశంసాపత్రం. మా అమ్మ దానికి అద్దం కట్టించి తెనాలిలో హాల్లో పెట్టింది. వచ్చినవాళ్లందరికీ చదివి వినిపించేది.

ఆదివారం సాయంత్రమే గంగాళాన్ని అడిగాను, "ఎందుకలా చెప్పావయ్యా?" అని. బట్టలు ఆరేసుకుంటూ నా వైపు చూడకుండానే అన్నాడు. "నిజం చెప్తే ఇద్దరం పోతుంటిమి. గిట్లయితే ఇద్దరం ఉంటం. నువ్వు ఫికర్ చెయ్యకు. కానీ అన్నా, బకెట్ ఇగ నా దగ్గర్నే ఉంటది."

ఉంది. ఏడాది పొడుగునా వార్డెను అనుమతితో గంగాళం ఎర్ర బకెట్టుతో స్నానం చేశాడు, నేను ఎదురుగా నిలబడి కొత్త రిజిస్టర్లో 'ఎనిమిది, సక్రమం' అని రాశాను. పరీక్షలయ్యాక అతను ఊరికి పోతూ దాన్ని కడిగి నా గుమ్మం ముందు బోర్లించి వెళ్లాడు. నేను ఆబిడ్స్‌కు వెళ్లి ఉన్నాను. సారీ అని ఒక్కసారి కూడా చెప్పలేదు, అతనికి గాని, ఇంకెవరికి గాని.

ఇప్పుడు హిమాయత్‌నగర్‌లో మా ఇంట్లో నల్లా రోజంతా వస్తుంది. అయినా రోజూ స్నానాల గదిలో ఒక బకెట్టు నిండా నీళ్లు పట్టి ఉంచుతాను. ఎందుకండీ ఇది అని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో నీళ్లకు ఎంత కటకటగా ఉండేదో నీకేం తెలుసు అంటాను, పెద్దమనిషి ముఖం పెట్టి. ఆ అద్దం కట్టిన కాగితం ఇప్పుడు మా హాల్లోనే ఉంది. ఆమె వారం వారం దాని దుమ్ము తుడుస్తుంది, ఆ దూరదృష్టి నాదేనని ఇంకా నమ్ముతూ.