బ్యాటింగ్ వాళ్ల అంపైర్

అది జూదం కాదట, మార్కెట్ అట! మా మేనేజరు నోట ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు మార్కెట్ అంటేనే ఒళ్లు మండుతుంది.

జెడ్డా ఊరి చివర, ప్లాట్లుగా గీతలు గీసి వదిలేసిన పెద్ద బయలు ఉంది. శుక్రవారం తెల్లవారగానే తెలుగువాళ్లం అక్కడ చేరి, టెన్నిస్ బంతికి టేపు చుట్టి క్రికెట్ ఆడతాం. ఇంజనీర్లు, ఏసీ మెకానిక్‌లు, డ్రైవర్లు, అందరూ వస్తారు. ఎండ ముదిరేలోపు ఆట ముగించి, కారు డిక్కీలు తెరిచి ఇడ్లీలూ మిరపకాయ బజ్జీలూ పంచుకుంటాం. మా ఆటలో అంపైర్‌గా నిలబడేది బ్యాటింగ్ చేసే జట్టువాడే. చిన్నప్పుడు గల్లీల్లో ఆడిన పద్ధతే ఇది. తన జట్టువాణ్ని తనే ఔట్ ఇవ్వాలి. ఇచ్చేవాళ్లం. ఎవడైనా తొండి చేస్తే ఆ పూట వాడికి బజ్జీ పెట్టేవాళ్లం కాదు. అంతకుమించిన శిక్ష మాకెప్పుడూ అవసరపడలేదు.

మా మేనేజరుది గుంటూరు వైపు. ఆఫీసులో నా పైఅధికారి, శుక్రవారం నా జట్టు కెప్టెన్. ఈ ఏడాది మొదట్లో ఒక శుక్రవారం ఫోన్ పట్టుకుని అందరినీ చుట్టూ చేర్చుకున్నాడు.

“బెట్టింగ్ కాదయ్యా బాబూ! అమెరికాలో ఆన్‌లైన్ బెట్టింగ్‌కి అనుమతి లేని రాష్ట్రాల్లో కూడా ఇది దర్జాగా నడుస్తోంది. ఫలానా జట్టు గెలుస్తుందా అని ప్రశ్న. గెలుస్తుందనుకుంటే ‘అవును’ కొంటావు, లేదంటే ‘కాదు’ కొంటావు. షేర్లు కొన్నట్టే!”

“మరి మనం అనుకున్నది కాకపోతే పైసలు వాపస్ ఇస్తరా సార్?” అన్నాను.

“ఎట్టా ఇస్తారయ్యా?”

“అయితే పేరే మారింది సార్, పని గదే.”

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. మసిపూసి మారేడుకాయ చేస్తే మాకు తెలియదా? అమెరికాలో అది చట్టమో కాదో వాళ్ల కోర్టులు తేల్చుకుంటాయి. ఇక్కడ జూదం నేరం, మేమేమో ఇఖామా అనే నివాస అనుమతి మీద బతికేవాళ్లం. పట్టుబడితే ‘ఇది మార్కెట్ సార్’ అని ఎవరికి చెప్పుకుంటాం? పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టి విమానం ఎక్కిస్తారు. ఆ మాటా ఆయన మొహం మీదే అన్నాను. “నువ్వు మరీ పిరికోడివయ్యా” అన్నాడు.

ఆ సాయంత్రమే మా శుక్రవారం మ్యాచ్‌ల మీద అవును-కాదుల గ్రూపు ఒకటి ఆయనే ఫోన్లలో మొదలుపెట్టాడు. నేను చేరలేదు. సారు చెప్పాడు కాబట్టి తప్పేమీ లేదనుకుని మెకానిక్‌లూ డ్రైవర్లూ చేరారు. నా కడుపు మండింది అందుకే.

కొద్ది వారాల్లోనే మా ఆట చెడింది. వైడ్ ఇస్తే అనుమానం, ఇవ్వకపోతే అనుమానం. ఒక మెకానిక్ అంపైర్‌గా ఉండి తన జట్టువాణ్ని న్యాయంగా ఔట్ ఇస్తే, ఒకే రూములో ఉండేవాళ్లే అతని మీదికి పోయారు. “నువ్వు ‘కాదు’ కొన్నవ్ గదరా, గందుకే ఇచ్చినవ్!” అన్నారు. ఒకప్పుడు అలా ఇచ్చినవాడి భుజం తట్టేవాళ్లం. అతను ఆ రోజు టిఫిన్ దగ్గరికి రాకుండా వెళ్లి వ్యాన్‌లో కూర్చున్నాడు. నేను ప్లేటు తీసుకెళ్లి ఇస్తే వద్దన్నాడు.

ఒక గురువారం మేనేజరు నన్ను క్యాబిన్‌లోకి పిలిచాడు.

“హఫర్ అల్ బాతిన్ సైట్‌కి ఒకణ్ని పంపమంటున్నారు. నీ పేరే వచ్చింది. నేను ఆపి ఉంచాన్లే. పాప టెన్త్ కదా?” అని, “రేపు మన బ్యాటింగ్‌కి అంపైర్ నువ్వేగా?” అన్నాడు.

నాకు అర్థమైంది. జెడ్డా ఎక్కడ, వెయ్యి కిలోమీటర్ల అవతల కువైట్ సరిహద్దు దగ్గరి హఫర్ ఎక్కడ! నా భార్య ఇక్కడి ఆసుపత్రిలో నర్సు, కదలడానికి వీల్లేదు. అమ్మాయికి లెక్కలు దగ్గర కూర్చుని చెప్పేది నేనే. మనిషి బలహీనత ఎక్కడుందో చూసి మరీ నొక్కాడు.

మర్నాడు ఆట ఆఖరి ఓవర్‌కి వచ్చింది. మా జట్టు గెలుస్తుందని ఆయన చాలానే ‘అవును’లు కొన్నాడని అందరికీ తెలుసు. బ్యాటింగ్‌లో ఉన్నదీ ఆయనే. లేని పరుగుకు నా వైపు పరుగెత్తాడు. బంతి నేరుగా వచ్చి వికెట్లకు తగిలింది. ఆయన బ్యాటు గీతకు ఇంకా జానెడు దూరంలో ఉంది.

ఎవరూ గట్టిగా అప్పీలు కూడా చేయలేదు. అందరూ నా మొహమే చూస్తున్నారు. వేలెత్తాను.

“సరిగ్గా చూశావా?” అన్నాడు ఆయన.

“చూసిన సార్. చూసినంకనే ఎత్తిన.”

మ్యాచ్ ఓడిపోయాం. నేను ఇల్లు చేరేలోపే ఆయన ఫోన్ చేశాడు. ఎండ కళ్లలో పడి పొరపాటున ఔట్ ఇచ్చానని గ్రూపులో ఒక్క ముక్క రాస్తే చాలట, మ్యాచ్ రద్దు చేసి ఎవరి డబ్బులు వాళ్లకు తిప్పి ఇచ్చేస్తాడట, బదిలీ సంగతి తను చూసుకుంటాడట. నన్ను ఆ గ్రూపులో అప్పటికే చేర్చేశాడు కూడా!

నా భార్యకు చెప్పాను. “నీ పౌరుషానికి గిప్పుడే యాళ్ల దొరికిందా? పిల్ల సదువు ఏం గావాలె?” అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె తప్పేముంది? ఫోన్ పట్టుకుని కూర్చుండిపోయాను. రాసేద్దామనే అనిపించింది, ఒక్క ముక్కే కదా అని.

మా అమ్మాయి పుస్తకం మూసి నా దగ్గరికి వచ్చింది.

“నా ఎగ్జామ్ నేను రాసుకుంట డాడీ. నువ్వు నా పేరు జెప్పి అబద్ధం రాయకు.”

‘ఔట్’ అని రాసి పంపాను. ఆదివారం ఆఫీసుకు వెళ్లగానే బదిలీ ఆర్డరు చేతిలో పెట్టారు. ఇది హఫర్ అల్ బాతిన్ నుంచే రాస్తున్నాను. ఇవాళ అమ్మాయికి లెక్కల పరీక్ష. సెంటర్ దాకా వాళ్లమ్మ దింపింది. నేను లేను. ఔట్ మాత్రం ఔటే.