మనోజ్ఞ కారు పందేలు, రవికిరణ్ ఆపిన చందా

మా రెడ్డిగూడెంలో కూర్చుని, టీవీ తెర మీద కారు నడిపి, పుణె, కొచ్చి, లక్నో వాళ్లందరినీ దాటి మొదటి స్థానం తెచ్చుకున్న తొలి మనిషి మనోజ్ఞ. అది తేలిగ్గా రాలేదు. రెండేళ్లపాటు ప్రతి పందెంలోనూ మలుపు దగ్గర గోడకు కొట్టుకుని వెనకబడేది. పోయిన దీపావళికి గెలిచింది. నా తమ్ముడి మనవరాలు కాబట్టి ఎక్కువ చేసి రాస్తున్నాననుకోవద్దు. ఇంటర్లో కాలేజీ ఫస్టు. బి.కాం. డిస్టింక్షన్. ట్రాక్టరు తోలుతుంది. మామిడి కోతల్లో బంగినపల్లి, కలెక్టరు కాయల గ్రేడింగు అంతా తనదే. ఇరవై నాలుగేళ్లకు ఇన్ని సాధించినవాళ్లు మా వంశంలో లేరు, నాతో సహా.

టీవీకి తగిలించి ఆ ఆట ఆడే యంత్రాన్ని కన్సోల్ అంటారు. కొంటే సరిపోదు. దూరాన ఉన్నవాళ్లతో పోటీ పడాలంటే కంపెనీకి నెలనెలా చందా కట్టాలి. కట్టినవాళ్లకు కొన్ని ఆటలు విడిగా డబ్బు తీసుకోకుండా ఇస్తారు. మనోజ్ఞ ఆడే కారు పందెం అలా వచ్చిందే. చందా ఆమె తండ్రి రవికిరణ్ ఫోన్లోంచి వెళ్లేది.

కోతలు మొదలయ్యాక రవికిరణ్ ఎవరికీ చెప్పకుండా ఆ చందా ఆపేశాడు. మే నెలలో, హైదరాబాదు ఫైనల్స్‌కు ఎంపిక పోటీ రేపనగా, మనోజ్ఞ కన్సోల్ పెడితే ఆట మీద తాళం గుర్తు కనబడింది.

"నాన్నా, చందా ఆపేశావా?"

"కోతల్లో నువ్వెక్కడ ఆడతావే? అయినా వచ్చిన ఆటలు మన దగ్గరే ఉంటాయిగా."

"ఎందుకుంటాయి?"

"నేను తోట పూత మీద తీసుకుని కాయ కోసుకొస్తా. గడువైపోయిందని ఆ కాయ వెనక్కిస్తానా ఏంటి?"

"అది కాయ కాదు నాన్నా, తోట. గడువున్నన్నాళ్లే లోపలికి రానిస్తారు. తర్వాత గేటేస్తారు."

చుట్టుపక్కల తోటలు పూత మీద, అంటే పూత దశలోనే ఆ ఏటి కాపుకు గుత్తగా, తీసుకోవడమే రవికిరణ్ వ్యాపారం.

"గడువు దాటాక చింతలపూడి వాళ్ల తోటలో దిగితే నిన్ను కాయ కోయనిచ్చారేంట్రా?" అంది రవికిరణ్ తల్లి తులసమ్మ, ఊరగాయ ముక్కలు తుడుస్తూ.

"ఆ సంగతి ఇప్పుడెందుకమ్మా" అంటూ అతను ఫోన్ తీశాడు. "ఏడాదికి కట్టమంటావా, నెలకా? నెలకైతే రేటెక్కువంట."

"ఏడాదికైతే తక్కువే పడుద్ది. కానీ మూడు నెలలు కాయలతోనే సరిపోద్దిగా మనకి. ఆడని నెలలకి ఎందుకు? నెలకే కట్టు."

నేను మధ్యలో, "ఒక ఆట కోసం అంత అవసరమా అమ్మాయ్?" అన్నాను.

"ఆడేవాళ్లకి అవసరమే తాతయ్యా. ఊరికే పెట్టుకుంటే దండగ."

చందా కట్టగానే తాళం తెరుచుకుంది. ఆటలో ఆమె దాచుకున్న కార్లన్నీ ఉన్నాయి. మర్నాటి పోటీలో రెండో స్థానం వచ్చింది, ఆ స్థానం దాకా ఫైనల్స్‌కు తీసుకుంటారు. నిన్న పొద్దున హనుమాన్ జంక్షన్ దాకా రవికిరణే ఆమెను బండి మీద తీసుకెళ్లి హైదరాబాదు బస్సెక్కించాడు. పోటీలు నాలుగు రోజులు. జూన్ పద్నాలుగు, ఆదివారం సాయంత్రానికి తిరిగి వస్తుంది.