రాజీకి ముందొచ్చినదెవరు?

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో, కక్షలు మానుకున్న ఊళ్లలో పాలన ఎలా సాగుతోందో పోల్చి చూడడానికి మద్రాసు నుంచి ఒక ప్రొఫెసరు గారు నంద్యాల వచ్చారు. ఆయనకు తెలుగు రాదు కనుక నన్ను దుబాసిగా పెట్టుకున్నారు. అవుకు వైపు ఒక ఊరు చూశాక ఆళ్లగడ్డ దగ్గర ఇంకో పల్లెకు వెళ్లాం. ఒకప్పుడు కొట్టుకున్న ఇద్దరు పెద్దలు అక్కడ ఒకే అరుగు మీద కూర్చుని పంచాయతీ నడుపుతున్నారు. ప్రొఫెసరు గారు మురిసిపోయి, రాజీకి ముందొచ్చినదెవరో అడగమన్నారు. అడిగాను.

"నేనేప్పా, కబురు పంపించినా," అన్నాడు మొదటి పెద్దాయన.

"ఏందీ? నువ్వు పిలిస్తే నేనొచ్చినానా? నా గడప తొక్కింది నువ్వు గదప్పా!" అన్నాడు రెండో ఆయన.

"ఊరు బాగుపడాలని తొక్కినా. భయపడి కాదు!"

ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. "అభిప్రాయభేదాలు పైకి చెప్పుకోవడం ప్రజాస్వామ్యానికి మంచిదే," అన్నారు ప్రొఫెసరు గారు.

వారం తిరక్కుండానే అక్కడ పంచాయతీ రెండిళ్లలో జరుగుతోందని తెలిసింది. ఆ మాట చెబితే ఆయన నిజంగానే బాధపడ్డారు. పరిశోధన ఆగకూడదు కాబట్టి, ప్రశాంతంగా ఉన్న ఇంకో ఊరు చూడమన్నారు.