ఛాయాదేవి మేడమ్ అసమ్మతి

రాజనీతి శాస్త్రం చదివితే ఏ ఉద్యోగం వస్తుందని అడిగేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఛాయాదేవి మేడమ్‌కు మాత్రం నవ్వొస్తుంది. ఉద్యోగం మాట తర్వాత, ముందు నీ మీద పెత్తనం ఎవరు చేస్తున్నారో తెలుస్తుంది కదా అంటారు. అడిగింది ప్రిన్సిపాలైనా అదే జవాబు.

నా పేరు కళ్యాణి. ఆమె డిపార్ట్‌మెంటులో గెస్ట్ లెక్చరర్‌ని. మా అమ్మానాన్నలు అనంతపురం నుంచి కట్టడం పనులకు ఈ మహానగరానికి వచ్చి, శివారున హూడిలో స్థిరపడ్డారు. మేడమ్‌ది నగరం నడిబొడ్డున నగర్తపేటలో తరాలుగా జరీ వ్యాపారం చేసిన ఇల్లు. ఆ పేటలోని వాళ్ళ కులసంఘమే మా సాయంకాలం కాలేజీని నడుపుతుంది. పగలంతా హోల్‌సేల్ దుకాణాల్లో మూటలు కట్టి, బిల్లులు రాసి, అలసిపోయి వచ్చే పిల్లలు మా విద్యార్థులు.

మేడమ్ ఎం.ఏ.లో ఈ సబ్జెక్టు తీసుకుంటానన్నప్పుడు వాళ్ళ నాన్న గోపాలప్ప కంగారుపడ్డారట, కూతురు కార్పొరేటర్‌గా నిలబడుతుందేమోనని. నిలబడను, నిలబెట్టేవాళ్ళెవరో చూస్తానని ఈమె చెప్పారట. అన్నట్టే పిహెచ్.డి.కి సొంత కులసంఘాన్నే ఎంచుకున్నారు. ఇంటి గుట్టు రచ్చకెక్కిస్తోందని బంధువులు కొన్నాళ్ళు పెళ్ళిళ్ళకు పిలవడం మానేశారు. విందులు తప్పబట్టే థీసిస్ తొందరగా పూర్తయిందని మేడమ్ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

తర్వాత హూడి అపార్ట్‌మెంట్ల సంఘాల మీద, జిగణి ఫ్యాక్టరీల క్యాంటీన్ కమిటీల మీద రాశారు. చోటు ఏదైనా ఆమె వెతికేది ఒకటే: ఒప్పుకోనివాడు ఆ మాట చెప్పడానికి అక్కడ వీలుందా? పిల్లల్ని మీటింగులకు పంపి, ఎవరు మాట్లాడారో కాదు, ఎవరిని మాట్లాడనివ్వలేదో రాసుకురమ్మంటారు. ఆ పని చేశాక దుకాణాల్లో సేట్లకు ఎదురు ప్రశ్నలు వేసిన పిల్లలు నాకు తెలుసు. సేట్లకు మేడమ్ మీద కోపం ఎందుకో కూడా అందుకే తెలుసు.

ఇక సంఘం సంగతి. ఏటా ఒకసారి సర్వసభ్య సమావేశం జరుగుతుంది. కింద హాల్లో మగవాళ్ళు, పైన హాల్లోకి కనిపించే మేడ మీద ఆడవాళ్ళు. అధ్యక్షుడు తీర్మానం చదివి, అందరికీ సమ్మతమేనా అని అడుగుతాడు. ఎవరూ నోరు మెదపకపోతే అయిపోయినట్టే. మేడ మీదివాళ్ళను అడిగే పని లేదు, ప్రతి ఇంటికీ కింద కూర్చున్న మగవాడి మౌనమే లెక్క. అప్పుడు వంట గుండిగల మూతలు తీస్తారు. ఒక్కరు కాదన్నా, ఆ ఒక్కరిని ఒప్పించేదాకా మూత తీయకూడదన్నది ఆచారం. కాదన్నవాళ్ళెవరూ లేక ఆ సంగతే అందరూ మరిచిపోయారు. మేడమ్ థీసిస్‌లో ఒక అధ్యాయం దాని మీదే ఉంది. థీసిస్‌లు ఎవరు చదువుతారు!

ఈ ఏడు అధ్యక్షుడు రాఘవేంద్ర మా డిపార్ట్‌మెంట్ ఎత్తేసి కంప్యూటర్ కోర్సు పెట్టాలని నిశ్చయించారు. మేడమ్ గొడవ చేస్తారని ఆయనకు తెలుసు. అందుకే స్టాఫ్ రూమ్‌కి స్వయంగా వచ్చి, నోరు మెదపకుండా ఉంటే ప్రిన్సిపాల్ కుర్చీ ఇస్తామన్నారు. ఓటింగ్ పెట్టమని మేడమ్ అడిగారు. మన సంఘంలో ఓట్లు ఆచారం కాదని ఆయన కొట్టిపారేశారు. అయితే ఆచారం ప్రకారమే కానివ్వమని ఈమె ఊరుకున్నారు.

నేను మాత్రం ఊరుకోలేకపోయాను. డిపార్ట్‌మెంట్ పోతే నా ఉద్యోగమూ పోతుంది. కుర్చీ తీసుకోండి, నాకు ఏదో ఒక క్లాసు ఇప్పించవచ్చు కదా అని బతిమాలాను.

"నీ భయం నాకూ ఉండాది కళ్యాణీ," అన్నారామె. "కానీ, ఎందుకని అడగడం నేర్పే చదువు మన కాలేజీలో ఇదొక్కటే ఉండాది. దాన్ని అమ్ముకోని నేను కుర్చీలో కూచుంటే, రేపు పిల్లోళ్ళకి ఏమి చెప్తాను?"

సమావేశానికి కాలేజీ సిబ్బందికీ పిలుపు ఉంటుంది, ఆ రోజు మేడ మీద ఆమె పక్కనే కూర్చున్నాను. రాఘవేంద్ర తీర్మానం చదివారు, సమ్మతమేనా అన్నారు. జవాబు కోసం ఆగకుండానే కాగితం మడిచారు.

"నాకు సమ్మతం లేదు," అన్నారు మేడమ్, లేచి నిలబడి.

హాలంతా తలలు పైకెత్తింది. మీ ఇంటి సమ్మతం మీ తమ్ముడు దేవరాజ్ ఇచ్చేశాడని రాఘవేంద్ర గద్దించారు. దేవరాజ్ నేల చూపులు చూశాడు. భోజనాలకు ఆలస్యమవుతోంది, ఇక ఊటకి లేవండని ఆయన చేయి ఊపారు. కానీ వంటలు చూసుకునే అక్కయమ్మ మూత మీద చెయ్యి పెట్టి నిలబడింది. కాదన్న మనిషి ఉండగా మూత తీస్తే సంఘానికి మంచిది కాదని తేల్చేసింది. ఆచారం పేరు చెప్పి ఓటింగ్ వద్దన్న మనిషి ఇప్పుడు అదే ఆచారాన్ని ఎలా కాదంటాడు?

ఒకరి తర్వాత ఒకరు పెద్దలు మెట్లెక్కి వచ్చారు. బుజ్జగించారు, నిష్ఠూరమాడారు, షుగర్ ఉన్నవాళ్ళ పేర్లు చదివారు. తీర్మానం వెనక్కి తీసుకుంటే నిమిషంలో తినొచ్చని మేడమ్ మర్యాదగానే చెప్పారు. మా ఇంట్లో పులిహోర అనే పులియోగరె వాసనకు నా కడుపులోనూ పేగులు అరుస్తున్నాయి. కింద ముందుగా నీరసపడింది రాఘవేంద్ర మనుషులే.

చివరికి ఆయన కాగితం చింపేశారు. "సరే, నీ డిపార్ట్‌మెంట్ ఉండనీ. ఇంక సమ్మతమనమ్మా, మూత తీయనీ, జనం ఆకలితో ఉండారు."

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్క మాట అనేస్తే చాలు. మేడమ్ అనలేదు.

"నన్నొక్కదాన్నే అడిగితే ఎట్లప్పా? నా పక్కన ఇంతమంది కూచోని ఉండారు. వాళ్ళనీ అడుగు."

గెలిచిన దాన్ని మళ్ళీ పందెంలో పెడుతున్నారని నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. కొంగు పట్టుకుని లాగాను కూడా. ఆమె కూర్చోలేదు. కింద గొణుగుడు మొదలైంది. రాఘవేంద్ర అటూ ఇటూ చూశారు. ఆదుకునేవాడు కనబడలేదు. తల పైకెత్తి, పైన ఉన్నవాళ్ళకి సమ్మతమేనా అని పొడిగా అడిగారు.

ముందు వరసలో ఉన్న ఆయన భార్య అనసూయ లేచింది. మేడమ్‌తో ఆమె మాట్లాడగా నేనెన్నడూ చూడలేదు. పిట్టగోడ మీద చేతులు ఆనించి కిందికి వంగింది.

"ఇన్నేండ్లు మీరు కింద ఏమేమి అడిగితిరో మాకు వినపళ్ళేదు. అన్నీ మొదట్నించి అడగండి. ఒకటొకటే చెప్తాము."