మాట అయిపోయాక కూడా

మాకు కెమెరా పట్టుకోవడం నేర్పిన సార్ పోయారు. మిర్యాలగూడ రైస్‌మిల్లుల దగ్గర బారులు తీరిన ధాన్యం ట్రాక్టర్లను తీస్తుండగా ఫోన్ వచ్చింది. ఆ పని పూర్తిచేసే సూర్యాపేట బస్సెక్కాను. మధ్యలో వదిలేస్తే సార్ ఒప్పుకోరని సర్దిచెప్పుకున్నాను గానీ, నిజానికి నాకేమీ తోచలేదు.

సార్ చాలా ఏళ్లు పెళ్లి వీడియోలు తీసి, తర్వాత వార్తల్లోకి వచ్చిన మనిషి. ఆదివారాలు సూర్యాపేటలో తన స్టూడియో వెనక గదిలో మాకు పాఠం చెప్పేవారు. నేనూ కోదాడలో పెళ్లిళ్లు తీసినదాన్నే. ఎవరి ముందు కెమెరా పెట్టినా ఇటు చూసి నవ్వమనడం నాకు అలవాటు. ఒకసారి సార్ వెంట వెళ్లి, మునగాల దగ్గర రోడ్డు వారన వడ్లు ఆరబోసుకున్న ఒక పెద్దమ్మనూ అలాగే నవ్వమన్నాను. ముందురోజు వానకు వడ్లు తడిసి దిగాలుగా కూర్చున్న మనిషిని! సార్ కోప్పడలేదు, నన్ను పక్కకు పిలిచారు.

"పెండ్లిల ఆళ్లు మనకోసం నిలబడతరు బిడ్డా. గీడ మనమే ఆమె కోసం నిలబడాలె. మాట అయినంక గూడ కెమెరా ఆపకు. అసలు మనిషి అప్పుడే కనబడతది."

ఆయన చాదస్తాలు ఆయనకున్నాయి. లెన్సు తుడిచే గుడ్డను ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు. తన నీడ ఫ్రేములో పడినా మళ్లీ తీయించేవారు. మేం సరదాకు ఫోన్ ఎత్తినా చేయి అడ్డం పెట్టేవారు. అదే చివరికి మమ్మల్ని ఇరకాటంలో పెట్టింది.

దినాలకు ముందు ఆయన భార్య నన్ను పిలిచి ఒక్కటే అడిగారు.

"ఊరందరినీ వీడియో తీసిండు. ఆయన నడిచేది ఒక్కటన్న ఉన్నదా బిడ్డా? జర సూడు."

శిష్యులందరం వెతికాం. ఫొటోలు దొరికాయి, వీడియో మాత్రం లేదు. ఆమెకు లేదని ఎలా చెప్పాలా అని దిగులు పట్టుకుంది. ఆఖరికి నా పాత హార్డ్‌డిస్కులో ఆ మునగాల పెద్దమ్మ కనిపించింది. ఆమె మాట అయిపోయింది, లేచి వెళ్లింది. సార్ చెప్పారు కదా అని నేను కెమెరా ఆపలేదు. మళ్లీ చినుకులు మొదలయ్యేసరికి వడ్ల మీద కప్పే పట్టాతో పెద్దమ్మ తిరిగొచ్చింది. ఎన్నడూ ఫ్రేములోకి రాని సార్ గబగబా నడుచుకుంటూ వచ్చారు. ఆగి, చెప్పులు విడిచి, వడ్ల మీదికి అడుగుపెట్టి, పెద్దమ్మతో కలిసి పట్టా లాగారు.

సార్ భార్య దాన్ని పదేపదే పెట్టించుకున్నారు. వడ్లను చెప్పులతో తొక్కలేదు సూడు, అని మెల్లగా అన్నారు.

వీడియోలో పట్టా గాలికి ఎగిరిపోతుంటే ఇద్దరూ దాన్ని అదుముకుంటూ ఫ్రేము దాటిపోయారు. కెమెరా ఇంకా నడుస్తూనే ఉంది. రోడ్డు వారన ఆయన చెప్పులు వానలో తడుస్తున్నాయి.